రాత్రి ఏమీ తినని మా వదిన

మొన్న శాలిబండలో షుగర్ పరీక్షల శిబిరం పెడితే నేనూ వెళ్లి వరసలో నిలబడ్డాను. "రాత్రి ఏం తింటరమ్మా?" అని నర్సు అడిగితే నా ముందున్నావిడ "ఏం తినను" అన్నది, గొప్పగా. వెంటనే మా వదిన గుర్తొచ్చింది.

మా అన్న గుడి పూజారి. పాతబస్తీలో మా ఇంటికీ గుడికీ మధ్య ఒక్క గోడే అడ్డం. సాయంత్రం నైవేద్యమయ్యాక, వచ్చినవాళ్లకు పంచగా మిగిలిన చక్కెరపొంగలి ఇత్తడి తపేలాతో సహా మా వంటింటికి చేరేది. నెయ్యి, పచ్చకర్పూరం, అడుగున కాస్త మాడిన బెల్లం. ఆ వాసనకు గల్లీలో స్కూటర్లు కూడా నెమ్మదించేవి. ప్రసాదం పారేయకూడదు, కాలికింద పడకూడదు, తెల్లారేదాకా ఉంచకూడదు. ఇన్ని కూడదులూ కలిసి చివరికి వదిన నోట్లో పడేవి. అందరూ అన్నాలు తిని లేచాక ఆమె పొయ్యి పక్కన నిలబడి తపేలా ఖాళీ చేసేది. కూర్చోదు, పళ్లెం పెట్టుకోదు, కాబట్టి అది భోజనం కాదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ప్రతి రాత్రీ ఆమెకు ఒక్కపొద్దే. చుట్టాలు ఆ నిష్ఠకు దండం పెట్టి, ఏం తినకున్నా ఇంత లావెందుకయిందో అని దారిలో ఆశ్చర్యపడేవాళ్లు.

షుగర్ అని తేలాక నేను పోట్లాడని రోజు లేదు. "ప్రసాదం తిండెట్లయితది?" అనేది వదిన. ఆ సంగతి కడుపుకు తెల్వదు గదా అంటే, "కాలేజీకి పంపిస్తే గిదేనా నేర్చుకొచ్చింది" అంటూ తపేలా గీకుతూనే ఉండేది. కొన్నాళ్లు నేనే ఆ పొంగలి తీసుకెళ్లి షేర్ ఆటోవాళ్లకు పంచాను. వాళ్లు సంతోషంగా తిన్నారు కూడా. మడితో వండింది ఆటో అడ్డా మీద పెడతావా అని అన్న లొల్లి చేసి ఆపించాడు.

ఓ పొద్దున వదినకు చేటలో బియ్యమేదో రాయేదో తెలియలేదు. కంటి డాక్టరు, లోపలి పొరలో నెత్తురు కారిందని చెప్పి, ఇన్నేళ్లూ రాత్రి ఏం తినేవారని అడిగాడు.

"ఏం తినను సార్. ఒక్కపొద్దే."

పక్కన అన్న తలూపాడు. అబద్ధం కాదు పాపం. ఆమె పళ్లెం ముందు కూర్చోగా ఆయనెన్నడూ చూడలేదు.

"రోజూ తపేలెడు పొంగలి తింటది సార్" అన్నాను. బూతుమాట విన్నట్టు ఇద్దరూ నావైపు తిరిగారు.

"దేవుని మీదికి తేకు" అన్నది వదిన, మెల్లగా.

ఇప్పుడు మానేసినా పోయిన చూపు రాదు, ఉన్నదైనా దక్కితే గొప్పే అన్నాడు డాక్టరు. ఆమె మానలేదు. చూపు దక్కలేదు.

ఇప్పుడు వదినకు వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. వంటిల్లు కోడలి చేతికి వచ్చింది. ఆ పిల్ల ఫార్మసీ చదివింది. అత్తకు ఇన్సులిన్ సూది తనే వేస్తుంది. వేసి, చేతులు కడుక్కొని, పొయ్యి పక్కన నిలబడుతుంది. నేను నోరు తెరిచేలోపే నావైపు తిరిగి, "జరంత ప్రసాదమే అత్తమ్మా, తిండి గాదు" అంటుంది.

రోగం ఏదో ఒకనాడు వచ్చి పడుతుందనుకుంటాం. అది రాత్రికింత చొప్పున, అందరి ముందరే, ఏళ్లు తీసుకొని వస్తుంది. ఏళ్లకేం, మా ఇంట్లో వాటికెప్పుడూ కొదవ లేదు.