పెట్టెలో దాచిన బూట్లు

బస్సులు వెనక్కి తిరిగే ఖాళీ జాగా పక్కన ఒక పడకల షెడ్డు ఉంది. పైన రేకులు, లోపల వరసగా ఇనప మంచాలు, గోడలకి మేకులు, మధ్యలో పొయ్యి. కొండ దారి అక్కడే మొదలవుతుంది. వారాల తరబడి నడవాలని వచ్చేవాళ్ళు మొదటి రాత్రి ఆ మంచాల మీదే పడుకుంటారు. షెడ్డు ఊడ్చి, దుప్పట్లు దులిపి, నీళ్ళు కాచిపెట్టే ఆవిడని అందరూ నిదానమ్మ అంటారు. ఎవరేమడిగినా ముందు "నిదానం, నిదానం" అనడం ఆవిడ అలవాటు. అదే పేరై కూర్చుంది.

మనిషి పొట్టి. మెడ వెనక మూటలు మోసి మోసి కాయ కట్టింది. మోకాలు మొరాయించేదాకా మొగుడితో సమానంగా కొండల మధ్య కనుమ దాటి బరువులు చేరవేసింది. ఇప్పుడు చేతిలో చీపురు తప్ప బరువు లేదు. నోటికి మాత్రం సెలవు లేదు.

నడకవాళ్ళు బ్యాగులు దించగానే ఆవిడ చీపురు గోడకి ఆనించి వచ్చేది.

"బోర్లించండి."

"ఏంటక్కా?"

"బ్యాగు. మొత్తం మంచం మీద బోర్లించండి. సిగ్గుపడేది ఏమన్నా ఉంటే ముందే తీసి దాచుకోండి."

నవ్వుతూనే బోర్లించేవాళ్ళు. గాజు సీసాలు, లావు తువ్వాళ్ళు, నాలుగు ప్యాంట్లు, జుట్టు ఆరబెట్టే మిషను కూడా వచ్చింది ఒకసారి.

"ఇదెందుకు తమ్ముడూ?"

"ఒకవేళ అవసరం పడితే అని..."

"ఆ ఒకవేళ సామానంతా ఇక్కడ దించు. తిరిగొచ్చాక తీసుకో. దుప్పటి అడుగున పెట్టు. బరువైంది వీపుకి ఆనించి పైకి పెట్టు, లేకపోతే వెనక్కి లాగి నడుం విరుస్తుంది. సాక్సులు కాలికి ఒక జత, బ్యాగుకి వేలాడేసి ఆరబెట్టుకోవడానికి ఒక జత. పడుకునేప్పుడు వేసుకునే బట్టలు కవరులో చుట్టి పెట్టు. వాన కాదు, వరదొచ్చినా వాటిని తడపకు."

మడమ దగ్గర వెచ్చగా తగిలిన నిమిషంలోనే ఆగి గుడ్డ అంటించుకోమనేది. బొబ్బ లేచాక కూర్చుని ఏడిస్తే లాభం లేదనేది. కొత్త బూట్లతో వచ్చినవాళ్ళని చూస్తే ఒంటికాలి మీద లేచేది. ఇంటి దగ్గర తిరగని బూటుని కొండ మీద తిప్పుతారా అని. ఇంకో రెండు మాటలు ప్రతివాడి చెవిలోనూ వేసేది. ఒంటరిగా పోవద్దు. పొద్దు తిరిగాక కనుమ ఎక్కొద్దు.

కొందరు వినేవాళ్ళు. కొందరు తలూపి, ఆవిడ అటు పోగానే అన్నీ మళ్ళీ బ్యాగులో కుక్కుకునేవాళ్ళు. ఆవిడకి తెలుసు. తెలిసినా మర్నాడు వచ్చినవాళ్ళకి మళ్ళీ చెప్పేది.

ఆవిడ మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. అందులో ఒక జత బూట్లు. చాలా ఏళ్ళ కిందట ఒక నడకాయన దిగిన సాయంత్రమే మెట్టు మీద కాలు మడతపడి, తెల్లారి బస్సుకే వెనక్కి పోతూ ఇచ్చిన బూట్లు. దారి మన్ను అంటని బూట్లు. లోపల ఉన్ని, పైన మందపాటి తోలు. మొగుడి కాలికి అచ్చు పోసినట్టు సరిపోయాయి. ఆయన ఆ రోజే తొడుక్కుని పోతానంటే నిదానమ్మ లాక్కుంది.

"మూటలు మోసే కాళ్ళకి ఇంత మంచివి ఎందుకయ్యా? ఉన్నవి చినిగేదాకా అవే వెయ్యి. ఇవి ఎప్పుడన్నా పనికొస్తాయి."

ఏడాదికోసారి తీసి, తోలుకి నూనె రాసి, పాత చీర ముక్కలో చుట్టి పెట్టేది. ఆయన మంచం మీద కూర్చుని చూసేవాడు.

"నేను పోయాక తొడుగుతావా ఏంటే?"

"నోరు ముయ్యి. శుభమా అని నూనె రాస్తుంటే."

ఒక ఏడు చలి ముందే వచ్చింది. నడకవాళ్ళు పలచబడ్డారు. మంచుకి దారి మూసుకుపోయేలోపు కనుమ అవతలున్న రాతి గదికి ఆఖరి మూట చేరాలి. దుప్పట్లు, కిరసనాయిలు, ఎండు రొట్టె. ఆలస్యంగా వచ్చి మంచులో చిక్కుకున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళ కోసం. ఏటా ఇద్దరు పోయే పని అది. ఆ ఏడు మొగుడి తోటి మోతగాడు జ్వరంతో పడుకున్నాడు, ఆయన ఒక్కడే పోవాలి.

బయల్దేరే ముందు సాయంత్రం మొగుడి పాత బూటు అడుగు సగానికి చీలింది. కుట్టేవాడు ఇంటి మనిషే, స్వయానా ఆయన తమ్ముడు. బస్సులు ఆగే చోట గొడుగు కింద కూర్చుని చెప్పులు, బూట్లు బాగుచేస్తాడు. ఆ పూట మాత్రం తోలు కొనడానికి బస్సెక్కి పోయాడు, తెల్లారితేగానీ రాడు.

నిదానమ్మ పెట్టె లాగింది. చీర ముక్క విప్పింది. బూట్లు దీపం వెలుగులో నిగనిగలాడాయి. మొగుడు తొడుక్కుని మంచాల మధ్య అటూ ఇటూ నడిచాడు.

"మెత్తగా ఉన్నాయే. పరుపు మీద నడిచినట్టుంది."

"చూశావా? దాచబట్టే కదా."

పొద్దున్నే ఆయన మూట ఎత్తుకున్నప్పుడు కనుమ మీద మబ్బు బోర్లించిన పళ్ళెంలా కదలకుండా నిలబడి ఉంది. గాలి కొండ మీంచి కిందకి వీస్తోంది. మామూలుగా ఆ వేళకి కింద నించి పైకి వీస్తుంది. మంచు తుఫానుకి అవే గుర్తులని నిదానమ్మకి తెలుసు. ఇంకెవరన్నా ఐతే చెయ్యి పట్టుకుని ఆపేది. మొగుడి కాళ్ళకేసి చూసుకుని, అంత మంచి బూట్లు ఉన్నాయి కదా అనుకుంది.

"నిదానం," అంది.

"నాకు చెప్తున్నావా?" అని నవ్వి పోయాడాయన. ఇవాళ కనుమ ఇవతల ఉన్న ఇంకో రాతి గదిలో పడుకుని, రేపు కనుమ దాటి, చీకటి పడేలోపు అవతలి గదికి చేరాలి.

ఆ మధ్యాహ్నం ఒక నడకావిడ కుంటుకుంటూ వెనక్కి వచ్చింది. ఎంతోదూరం పోలేదు. కుడి బూటు అడుగు ఊడి నాలుకలా వేలాడుతోంది. పొద్దున తిరిగొచ్చిన మరిది గొడుగు కిందకి తిన్నగా పోయి కూర్చుంది. నిదానమ్మ ఆవిడకి టీ పట్టుకెళ్ళింది.

మరిది ఆ బూటు తిప్పి చూసి, ఊడిన చోట బొటనవేలితో నొక్కాడు. నల్లగా పొడి రాలింది.

"ఎన్నాళ్ళు దాచారమ్మా వీటిని?"

"చాలా ఏళ్ళు. బీరువాలో. ఒక్కసారి కూడా వెయ్యలేదండీ, కొత్తవే!"

"అదే కొంప ముంచింది. అడుక్కీ తోలుకీ మధ్య స్పాంజి లాంటిది ఒకటి ఉంటుంది. గాలిలో తడికి అది లోపల్లోపలే పిండైపోతుంది. రోజూ తొక్కుతుంటే కొంచెం నయం. ఊరికే పెడితే పైకి తళతళ, లోపల ఏమీ ఉండదు. మొదట మెత్తగా తగులుతుంది, అబ్బ ఎంత బావుంది అనుకుంటాం. నాలుగు కొండలెక్కేసరికి..."

చేతిలో పొడి ఉఫ్ అని ఊదాడు.

నిదానమ్మ చేతిలో టీ తొణికి వేళ్ళ మీద పడింది. ఆవిడకి ఆ కాలడం తెలియలేదు.

"తోలుకి నూనె రాస్తే?" అంది.

"తోలుకి మంచిదే. లోపలి స్పాంజికి నూనె ఏం చేస్తుంది? ఏంటి వదినా, మొహం అలా అయిపోయింది?"

పెట్టెలోంచి తీసిన బూట్ల సంగతి చెప్పింది. మరిది సూది గుచ్చిపెట్టి లేచాడు. అన్న పాత బూట్లు తెమ్మని, పొద్దు గూకేదాకా వాటిని కుట్టాడు. అప్పుడు బయల్దేరితే చీకట్లో దారి తప్పుతామని ఇద్దరికీ తెలుసు. తెల్లవారుజామునే బ్యాగులు తగిలించుకున్నారు.

"నీ మోకాలు, నా పొట్ట," అన్నాడు మరిది మొదటి ఎత్తుకే ఒగరుస్తూ. "రెండూ కలిసి మా అన్నని కాపాడతాయంటావా?"

"మాట్లాడకు. ఊపిరి దాచుకో. నీళ్ళు తాగు."

"దాహం లేదు."

"అందుకే తాగు."

ఎండ కొండకి తగిలే వేళకి దారి రాళ్ళ మీద నల్లటి పలుకులు కనిపించాయి. మరిది ముందు బొగ్గు పొడి అనుకున్నాడు. వంగి, వేళ్ళతో నలిపి, వదిన వైపు చూడకుండా చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇంకొంచెం పైన మళ్ళీ పలుకులు. వాగు దాటాక బురదలో అడుగుజాడలు. ఎడమ కాలికి బూటు గీతలు స్పష్టంగా ఉన్నాయి, కుడికాలిది నున్నగా, ఉత్త అచ్చు. ఇంకో మలుపు తిరిగేసరికి రెండూ నున్నగానే ఉన్నాయి. ఆ మలుపు దగ్గర ఒక మడమ ముక్క రాయి పక్కన పడి ఉంది, ఎవరో కొరికి ఉమ్మేసినట్టు.

"వెనక్కి తిరిగి రావచ్చుగా!" అన్నాడు మరిది, కోపంగా. "ఇక్కడ ఊడింది కదా, ఇక్కడే తిరిగి రావచ్చుగా!"

"మూట వీపు మీద ఉంటే మీ అన్న వెనక్కి తిరగడు. నీకు తెలీదా?"

"తెలుసు. మొండిముండాకొడుకు."

"అత్తయ్యని తిట్టకు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. కాసేపే.

ఇవతలి రాతి గదికి చేరేసరికి పొద్దు తిరిగింది. లోపల బూడిద చల్లారి ఉంది. పొయ్యి పక్కన ఒక బూటు అడుగు మొత్తం పడి ఉంది, ఎండిన తొక్కలా వంగిపోయి. మూటకి కట్టే తాడు ముక్కలు, గోనె పీలికలు. మిగిలిన బూటుని కాలికి తాడుతో బిగించుకుని, గోనె చుట్టుకుని, మూటెత్తుకుని పైకే పోయాడన్నమాట.

మరిది బయటికొచ్చి కనుమకేసి చూశాడు. కనుమ లేదు. అక్కడ బూడిదరంగు గోడ ఒకటి నిలబడి ఉంది. సన్నగా మంచు పలుకులు మొదలయ్యాయి.

"పద," అన్నాడు.

నిదానమ్మ గడపలో కూర్చుంది.

"పద వదినా! వెలుగుంది ఇంకా."

"పొద్దు తిరిగింది. ఎక్కం."

"ఏం మాట్లాడుతున్నావ్? పైన ఉన్నది ఎవరు? షెడ్డులో టీ తాగిపోయే నడకాయనా? నీ మొగుడు!"

"మంచులో జాడ కనిపించదు. చీకటి పడేసరికి మనం సరిగ్గా కనుమ నెత్తిన ఉంటాం. రేపు జనం ముగ్గురిని వెతకాలి."

"ఎలా కూర్చోగలుగుతున్నావ్? నువ్వు మనిషివేనా?"

ఆవిడ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ఊగుతోంది. మరిది నలభై గజాలు పైకి పోయాడు. గాలి ఒక్క తోపు తోసింది. తిరిగొచ్చి, ఆవిడ పక్కనే కూర్చుని, పసివాడిలా ఏడ్చాడు. ఆవిడ అతని తడి సాక్సులు ఊడదీయించి, పొడివి తొడుక్కోమంది. బలవంతంగా రొట్టె తినిపించింది. తానూ తింది.

తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది. మడమలు మునిగే మంచులో ఎక్కారు. జాడలు ఎక్కడా లేవు. కనుమ నెత్తిన ఒక పెద్ద బండ చాటున మూట కనిపించింది. గుడ్డ కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, పద్ధతిగా దించి ఉంది. మోతగాడు మూటని దారిలో వదిలేసి పోవడం నిదానమ్మ తన బతుకులో చూళ్ళేదు. మంచులో మోకాళ్ళ మీద కూలబడింది. బండ చుట్టూ చేతులతో మంచు తవ్వడం మొదలుపెట్టింది.

"వదినా," అన్నాడు మరిది. "వదినా, లే. కింద చూడు."

అవతలి లోయలో, అగ్గిపెట్టంత రాతి గది మీద సన్నగా పొగ లేస్తోంది.

మరిది కొండ దద్దరిల్లేలా కేక పెట్టాడు. దిగుతున్నంతసేపూ వాగుతూనే ఉన్నాడు, అన్నని ఎలా తిట్టాలో, ఏమేం తిట్టాలో. నిదానమ్మ మాత్రం నిదానం అనడం కూడా మర్చిపోయి, జారుతూ, పడుతూ, లేస్తూ దిగింది.

తలుపు తోసేసరికి ఆయన పొయ్యి ముందు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గెడ్డం మాసింది, కళ్ళు లోతుకి పోయాయి. ఇద్దరినీ చూసి మొహమంతా నవ్వాడు.

"వచ్చారా? మూట పైనే వదిలేశానే. ఇవాళ పోయి తెస్తా."

"నువ్వు తేవడం ఏంటన్నా, కూర్చో!" మరిది వెళ్ళి కాళ్ళ దగ్గర చతికిలబడి, పాదం రుద్దబోయాడు. నిదానమ్మ ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది.

"రుద్దకు! గడ్డకట్టిన కాలిని రుద్దకూడదు."

"ఏం గడ్డకట్టలేదే," అన్నాడాయన. "మొన్న సాయంత్రం నించీ ఒకటే పోటు. నిన్న దిగేప్పుడైతే ప్రాణం తీసింది. పొద్దున లేచేసరికి హాయిగా ఉంది. అస్సలు నొప్పి లేదు."

"చూశావా?" అన్నాడు మరిది. "ఊరికే భయపెట్టావు కదా నన్ను! మా అన్న గట్టోడు."

అన్నదమ్ములిద్దరూ నవ్వుకుంటున్నారు. నిదానమ్మకి అప్పుడు వాసన తగిలింది. ఉన్ని కాలుతున్న వాసన. ఆయన కుడికాలి సాక్సు వేళ్ళ దగ్గర, నిప్పుల అంచుకి తగిలి, ఎర్రగా కాలుతూ లోపలికి పోతోంది. ఆయన ఆ కాలు వెనక్కి తీసుకోలేదు. నవ్వుతూనే ఉన్నాడు, తాడుతో బూటు ఎలా కట్టుకున్నాడో తమ్ముడికి చెబుతూ.

ఆవిడ వంగి, ఆ పాదాన్ని రెండు చేతుల్తో ఎత్తి, నిప్పుకి దూరంగా తన ఒళ్ళో పెట్టుకుంది. అది చెక్కలా ఉంది.