రెండోసారి పాడింది ఎవరు

స్వరాలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, మెరుగుపరిచి పంపవచ్చు. మండపేట రైసు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాక నేను ఆ పనిలో పడ్డాను. సరిగమలను తెలుగు అక్షరాల్లో రాసి, మీట నొక్కి వినే ఏర్పాటు తయారు చేయడానికి రెండేళ్లు పట్టింది. డిగ్రీ లేనివాడికి ఇవన్నీ ఎందుకన్న వాళ్లకు అదే నా జవాబు.

ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల తరఫున దాన్ని పరిశీలించిన విదేశీయురాలు ఒక ప్రశ్న వేసింది. నమూనాకి నేను రాసి పంపిన గీతంలో, అంటే సంగీతం నేర్చుకునేవాళ్లు మొదట్లో పాడే చిన్న పాటలో, ప్రతి వరుసా రెండుసార్లు మోగుతోందట. ఎందుకో వివరంగా రాస్తేనే కొత్త వెర్షన్‌లో చేరుస్తారట.

ఒళ్లు మండింది. గీతమంటేనే అంత, కారణమేమిటి? తీరా రాయబోతే ఒక్క వాక్యమూ రాలేదు.

నేను సంగీతం విన్నది పాలకొల్లులో, మోటార్లకు తీగ చుట్టే షాపులో పని చేసేటప్పుడు. గోడవతల ఒక మాస్టారు ఆడపిల్లలకు పాఠం చెప్పేవారు. లోపలికి రమ్మని నన్నెవరూ అనలేదు. ఆ కోపం ఇంకా పోలేదు. ముందు మాస్టారి గొంతు, వెనక పిల్లల గొంతులు వినిపించేవి. భజనలో ఒకరు అంటే అందరూ అందుకున్నట్టు, వరుస రెండుసార్లు రావడమే గీతం పద్ధతి అనుకున్నాను.

ఆ పిల్లల్లో ఒకావిడ అక్కడే ఇప్పుడు సంగీతం టీచరు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

"గీతంలో వరుస రెండుసార్లు ఎందుకు పాడతారండీ?"

"రెండుసార్లు ఎక్కడండీ? ఒకసారి మాస్టారు పాడేవారు. రెండోది మేం అప్పజెప్పేవాళ్లం."

గోడవతల నుంచి విని నేర్చుకున్న సంగతి ఆవిడకు చెప్పాను.

"అయితే ఇన్నేళ్లూ ఆయన వంతూ మా వంతూ మీరే పాడేశారన్నమాట. మాకంటే డబుల్ సాధన అండి మీది" అని నవ్వారావిడ.

"గోడవతల వాడికి వంతెవరిస్తారండీ?" అన్నాను పుల్లవిరుపుగా.

ఆవిడ నవ్వు ఆపారు. "ఇప్పుడు మీరివ్వండి. రెండోసారి మోగించకండి. అంతసేపూ ఖాళీగా వదిలేయండి, నేర్చుకునేవాళ్లు పాడుకుంటారు."

అలాగే మార్చాను. నా పొరపాటు దాచకుండా వివరమూ రాశాను. విదేశీయురాలు చేర్చుకుంది. మన గీతం తెలియదు గనకే ఆమె అడిగింది. తెలిసిన మహానుభావులు నా పాట విని తలలూపారే తప్ప ఒక్కరూ అడగలేదు. ఆమెకు నేను రుణపడ్డాను.

వారం తిరగకుండా ఇంకో ప్రశ్న పంపింది: ఖాళీలో తప్పు పాడితే ఎలా?

ఈసారి కోపం రాలేదు. పాలకొల్లుకే ఫోన్ చేశాను.

"తప్పు పాడితే మాస్టారు ఏం చేసేవారండీ?"

"ఏం చేస్తారండీ. ఆయన మళ్లీ పాడేవారు."

అదే వరుసకు వెనక్కి వెళ్లే మీట ఒకటి పెడుతున్నాను.