మోకాలి మీద మినపపిండి పట్టు

నిన్న సాయంత్రం పక్కింటి అరుగు మీద నుంచి గుడ్డుసొనలో కలిపిన మినపపిండి వాసన వచ్చింది. ఖోఖో ఆడే వాళ్ల పాప మోకాలికి పట్టు వేస్తున్నారు. ఇన్నేళ్లయినా మోకాలు నొప్పంటే మోకాలికే పూత పూసే మనుషులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయితే నాకు ఆ పట్టు వేసిన మనిషి మీద మాత్రం ఏనాడూ కోపం రాలేదు.

ఆయన ఎమ్మిగనూరు హైస్కూల్లో మా డ్రిల్లు మాస్టారు, హనుమంతప్ప సార్. డెబ్బైల చివర్లో, నేను పదో తరగతిలో ఉండగా నాకు మోకాలి నొప్పి పట్టుకుంది. వాపు లేదు, కమిలింది లేదు. నడిస్తే పాదం మాత్రం బయటికి తిరిగేది. బెణికిందనుకుని సార్ తమ ఇంట్లోనే మినపపప్పు రుబ్బించి, తన చేతులతో పట్టు వేసి కట్టేవారు. అది ఎండి బిగుసుకుంటే నయమైనట్టే ఉండేది. మళ్లీ కబడ్డీకి దిగేవాణ్ని. ఆదోని పోటీల్లో కూతకు వెళ్లి అక్కడే కూలబడ్డాను.

సార్ నన్ను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టరు మోకాలు నొక్కి చూసి వదిలేసి, కాలు పొట్ట మీదికి మెల్లగా మడవబోయాడు. అది తిన్నగా రాక పక్కకు ఒరిగిపోయింది. ఎక్స్‌రే చూశాక అన్నాడు: "మోకాల్లో ఏమీ లేదు సార్. తుంటి కాడ ఎముక జారింది. ఎదిగే పిల్లోళ్లకు నొప్పి ఆడ పుట్టి ఈడ తెలుస్తాది. కుంటేటప్పుడే తెచ్చింటే బాగుండు."

సార్ గోళ్లలో ఇంకా పిండి ఉంది. "నేనే ఆడించినాను గదప్పా," అన్నారు, డాక్టరుతో కాదు, నాతో.

కర్నూలులో ఆపరేషన్ చేసినా కాలు కురచయింది. బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా లైబ్రరీలో నాకు నేను చదువుకున్నదే.

అప్పటి నుంచి మోకాలు నొప్పన్న ప్రతి పిల్లవాణ్నీ సార్ గ్రౌండులోనే పడుకోబెట్టి తుంటి చూసేవారు. "ఆయనకు పన్ను నొప్పని సెప్పొద్దురప్పా, పాదం సూస్తాడు," అని తోటి మాస్టర్లు ఎగతాళి చేసేవారు. సార్ పట్టించుకోక, నన్ను పిలిచి అందరి ముందూ నిలబెట్టి, "వీని కాలు సెడగొట్టి నేర్సుకున్నాను," అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఎనభైల్లో అలా సార్ చూడటంతో జబ్బు ముందే బయటపడి బాగైన ఆస్పరి కుర్రవాడు మళ్లీ కూతకు వెళ్లాడు. జనమంతా లేచి చూస్తున్నారు. నా పక్కన కూర్చున్న సార్ మాత్రం ఎత్తు మడమ కుట్టించిన నా చెప్పునే చూస్తున్నారు.

"నా మీద కోపం లేదాప్పా?"

"లేదు సార్," అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకుండానే కొన్నేళ్లకు పోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

నిన్న నేనే పోయి పాపను పడుకోబెట్టి కాలు మడిచాను. పక్కకు ఒరిగింది. కింద అడుగు పెట్టనీయకుండా ఆదోని ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. "నొప్పి మోకాలు గదా పెద్దనాయనా, తుంటి ఏంటికి సూస్తాండావు?" అని వాళ్ల నాయన నవ్వాడు.

సార్ బతికుంటే నన్ను పిలిచి నిలబెట్టేవారు. ఈసారి నేనే ఆ ఎత్తు మడమ చెప్పు విడిచి, అతని ఎదుట నిలబడ్డాను. నా ఒళ్లు కుడివైపుకు ఒరిగింది. అతను నవ్వు ఆపి, పాపను చేతుల్లోకి ఎత్తుకున్నాడు.