చెట్టుకి అవతలివైపు

మా ఒర్లీనా పెద్దమ్మ దేనికీ భయపడదని కెంటకీ కొండల్లో మా వాగు పొడుగునా అనుకునేవారు. గని పైకప్పు కూలి ఇద్దరు తమ్ముళ్లు పోయిన రోజున కూడా, వచ్చినవాళ్లందరికీ తనే వండి పెట్టింది. అలాంటి మనిషి అరవై ఎనిమిదో ఏట రోజూ పొద్దున్నే వణికిపోయేది. ఆ సంగతి నాకొక్కదానికే తెలిసింది.

ఆ వేళ ఆవిడ పెరట్లో ఉడుతల తోలు తీస్తోంది. తోక కింద గాటు పెట్టి, తోకని బూటుతో తొక్కిపట్టి, వెనక కాళ్లు పట్టుకుని ఒక్క లాగు లాగితే చొక్కా విప్పినట్టు ఊడొచ్చేది. నేను ఉప్పునీళ్ల గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మూడింట్లో ఒకదానికి పొట్ట చిరిగింది. ఒకదానికి తొడ ఎగిరిపోయింది. మూడోదానికి సగం తలే ఉంది.

"ఇవి హోబర్ట్ పెదనాన్న కొట్టినవేనా?" అన్నాను.

"నోరు ముయ్యవే, వింటాడు," అంది.

ఎందుకడిగానంటే, పెదనాన్న తూటా ఉడుతకి తగిలేదే కాదు. చెట్టుని కరుచుకున్న ఉడుత పొట్ట కింద బెరడుని కొట్టేవాడు. ఆ అదురుకే అది చచ్చి పడేది. ఇదంతా పెద్దమ్మ కోసమే. ఆవిడకి తలకాయంటే ప్రాణం. ఉడికిన తలకాయని చెంచా వెనకతో టక్కున కొట్టి, మెదడు జుర్రుకునేది. నలభై ఆరేళ్ల కాపురంలో ఆవిడ పళ్లెంలో పగిలిన తలకాయ పడలేదు.

"ఎన్నాళ్లనించి ఇలా?"

"పోయినేడు ఆకు రాలినప్పట్నించి. తూటాలు నాసిరకంవంటాడు. కళ్లు పోతున్నాయే! మొన్న గేటు దగ్గర నన్ను చూసి పోస్ట్‌మాన్ అనుకుని టోపీ ఎత్తి పలకరించాడు."

నాకు ఒళ్లు మండింది. "అలాంటి మనిషికి నువ్వు ఉడుత తిప్పుతున్నావా?"

మనం చెట్టుకి ఇటుంటే ఉడుత అటు జారుకుంటుంది. అందుకే ఒకరు తుపాకీతో కదలకుండా కూర్చుంటే, ఇంకొకరు అవతలకి వెళ్లి పొద కదుపుతారు. ఉడుత భయపడి ఇటు తిరుగుతుంది. పెళ్లైన దగ్గర్నించీ అవతలకి వెళ్లేది పెద్దమ్మే. ఉడుత తోకలాంటి ఆ బూడిదరంగు జుట్టుతో, ఆ చూపున్న మనిషి తుపాకీకి ఎదురుగా!

"చెప్పెయ్యరాదూ ఆయనకి?"

"చెప్తే తుపాకీ గోడకి తగిలించేస్తాడు. బొగ్గుగని తినేసిన ఊపిరితిత్తులతో చర్చి మెట్లే ఎక్కలేడు. చెట్టుకింద ఆ గంటసేపు ఒక్కటే మిగిలిందే ఆయనకి. అదీ పోతే మంచమెక్కుతాడు, ఇంక దిగడు. మెడకి ఎర్రగుడ్డ కట్టుకుంటున్నాలే. పాట కూడా పాడుతున్నా, నేనెక్కడున్నానో తెలుస్తుందని."

"ఊరుకుంటున్నాడా?"

"పొద కదపవే మహాతల్లీ అంటే భజన పెట్టావేంటి, ఉడుత తొర్రలో దూరదూ, అని తిట్టిపోస్తున్నాడు." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "భయమేస్తోందే. అడవిలో అడుగు పెడితే చాలు."

రెండు రోజులు పోయాక మధ్యాహ్నం వెళ్లాను. పొయ్యి దగ్గర ఒక్క ఉడుత ముక్కల్ని పిండిలో దొర్లించి పందికొవ్వులో వేయిస్తోంది. సగం పిండి నేల మీదే ఉంది. ఏమైందంటే తల అడ్డంగా ఊపింది.

భోజనానికి కూర్చున్నాం. పెదనాన్న ఎప్పట్లాగే తలకాయ తీసి ఆవిడ పళ్లెంలో పెట్టబోతూ, ఆవిడ జుట్టులో ఏదో చేతికి తగిలితే తీశాడు. వేలెడు బెరడు పెళ్లు. కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. కనపడక వేలితో అంచు తడిమాడు. అంచు పచ్చిగా ఉంది.

"ఏ చెట్టుది ఇది?"

"ఏదో చెట్టుది. తినండి, చల్లారిపోతుంది."

"ఒర్లీనా, ఏ చెట్టుది?"

"పొద్దున్న నేను ఆనుకున్న చెట్టుదే," అంది పెద్దమ్మ పళ్లెంలోకి చూస్తూ.

ఆయన మొహం పాలిపోయింది. అరుస్తాడనుకున్నాను, ఏడుస్తాడేమో అని కూడా అనుకున్నాను. బెరడుని జేబులో పెట్టుకుని, "రేపు నువ్వు కొట్టు. నేను తిప్పుతా," అన్నాడు.

"నేనా? మీ మీదికా?"

"కోళ్ల కోసమొచ్చిన నక్కని కొట్టినదానివి, ఉడుతని కొట్టలేవూ? సాకులు చెప్పకు."

మర్నాడు పొద్దున్న ఇద్దర్నీ వదల్లేక నేనూ వెళ్లాను. అడవంతా మంచు. పెద్దమ్మా నేనూ పడిపోయిన మానుమీద కూర్చున్నాం. పెదనాన్న చెట్టు చెట్టూ తడుముకుంటూ పెద్ద హికరీ చెట్టు అవతలకి వెళ్లి కనపడకుండా పోయాడు.

పొద కదిలింది. ఉడుత ఇటు తిరిగి, బెరడుని కరుచుకుని ఆగింది. పసిపిల్ల కూడా కొట్టగలిగేంత కిందికి ఉంది. పెద్దమ్మ తుపాకీ ఎత్తింది. గొట్టం ఊగిపోతోంది. ఇన్నాళ్లూ తన ప్రాణానికి భయపడింది. ఇవాళ్టి భయం అంతకి పదింతలని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

అప్పుడు అవతలనించి పాట వినపడింది. పెద్దమ్మ పాడే పాటే. గొంతు జీరపోతోంది, మధ్యమధ్య దగ్గు అడ్డొస్తోంది, అయినా కొండ మారుమోగేలా పాడుతున్నాడు. పాడొద్దని తిట్టిన మనిషే.

పెద్దమ్మ తుపాకీ దించేసింది. తూటా బయటికి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూసింది. ఆవిడ కళ్లనించి నీళ్లు ధారగా కారుతున్నాయి.

ఉడుత తొర్రలో దూరింది. కాసేపటికి పాట ఆగింది.

"ఏమైందే?" అని కేకేశాడు పెదనాన్న.

"గురి తప్పింది," అని అరిచింది పెద్దమ్మ, మొహం తుడుచుకుంటూ.

అడవిలో తుపాకీ పేలనే లేదు. ఆయన కళ్లకేమైనా గానీ, చెవులు మాత్రం పాముచెవులు. హికరీని తడుముకుంటూ ఇవతలకొచ్చాడు.

"చెప్పానా," అన్నాడు. "ఆ తూటాలు నాసిరకంవే."