పెద్దమ్మ చదివి వినిపించిన కామెంట్లు

మొన్న మంగళవారం నేను తేని ఆస్పత్రిలో డ్యూటీలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "పాపా, పెద్దమ్మ పోయిందే" అని ఒక్క మాట చెప్పింది, తర్వాత అంతా ఏడుపే. తను పనిచేసే ఏలక్కాయల గోడౌన్‌లో ముందర జల్లెడ పెట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. నేను నర్సును. ఇలాంటి మాట ఎంతమంది ఇంటివాళ్ళకు చెప్పానో లెక్కలేదు. నాకు చెప్పినప్పుడు మాత్రం ఏం చేయాలో తోచక, చేతిలో ఉన్న బి.పి. పట్టీని విప్పడం, మళ్ళీ చుట్టడం, అదే పనిగా చేశాను.

ఆమె మా అమ్మకు అక్క. మాది తమిళనాడులో బోడినాయకనూరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది తమిళం, ఎన్ని తరాలుగానో ఇంతే. మా వీధి మొత్తానికి తెలుగు అక్షరం తెలిసినది పెద్దమ్మ ఒక్కతే. చిత్తూరు వైపు కాపురానికి పోయి, పెనిమిటి పోయాక ఒక ట్రంకుపెట్టెతో, ఆ చదువుతో తిరిగొచ్చింది. ఆంధ్రా చుట్టాల పెండ్లి పత్రిక వచ్చినా, ఊరగాయ సీసా మీద ఏం రాశారో తెలియాలన్నా ఆమె దగ్గరికే పరుగు. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, గొంతు సవరించుకుని, కలెక్టరు ఆర్డరు చదివినట్టు చదివేది. "తడి గరిటె పెట్టగూడదంట. వాండ్లు రాయకపోతే మనకు తెలియదు పాపం" అని సీసాను కూడా వెక్కిరించేది.

నేను నర్సింగ్ రెండో ఏడు చదువుతుండగా మా కులదేవత పూజలో ఆడపిల్లలం కుమ్మి ఆడాము. గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ చప్పట్లు కొట్టే ఆట. కోయంబత్తూరు మిల్లులో పనిచేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, దాన్ని ఫోన్‌లో తీసి "మన తెలుగు పిల్లలు" అని రీల్ పెట్టాడు. ఏదో తెలుగు పేజీవాడు దాన్ని ఎత్తుకుపోయాడు. నా ఒక్కదాన్నే కత్తిరించి, నేను వంగినప్పుడల్లా నిదానం చేసి, దగ్గరికి లాగి మళ్ళీ పెట్టాడు. వారం తిరక్కుండా లక్షలమంది చూశారు.

కింద కామెంట్లన్నీ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. మావాళ్ళకు చదవను రాదు, కానీ తెలుగేనని గుర్తుపట్టారు. అదే కొంప ముంచింది. ఇన్ని తరాల తర్వాత ఆంధ్రావాళ్ళు మనల్ని మెచ్చుకుంటున్నారని ఇల్లంతా సంబరం. నాయన ఒక్కో కామెంటు కింద ఒక హార్టు, ఒక దండం బొమ్మ పెట్టుకుంటూ పోయాడు. మామ చుట్టాల గ్రూపులో పంపాడు. వీడియో అంత నిదానంగా ఎందుకుందని నాకు అనుమానం రాకపోలేదు. ఇంతమంది సంతోషపడుతుంటే నోరు రాలేదు. నేనూ హార్టులు పెట్టాను. అది దాచి పెద్దమ్మను తలుచుకుంటే ఆమెకే ద్రోహం.

ఆదివారం పెద్దమ్మను పిలిచి ఫోన్ చేతిలో పెట్టారు. "చదువు వదినా, గట్టిగా చదువు" అన్నాడు నాయన. ఆమె కళ్ళజోడు తుడుచుకుంది. చాలాసేపు తెర వంక చూసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. "పిల్ల మహాలక్ష్మి మాదిరి ఉండాది... ఆట రొంబ బాగుండాది... దిష్టి తీయండి." ఇంట్లో ఒకటే నవ్వు. అరె, ఆంధ్రావాళ్ళు కూడా అచ్చం మా బోడినాయకనూరు మాటే మాట్లాడతారే అని నేను మురిసిపోయాను. అంత మొద్దును.

మర్నాడు నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చింది.

"పాపా, వాండ్లు చూసింది నీ ఆట గాదే."

ఒక కామెంటు ఉన్నదున్నట్టు చెప్పింది. రెండోది వద్దన్నాను. చేతిలోని తడిబట్ట ఒంటికి అడ్డం పెట్టుకున్నానని కాసేపటికి గానీ తెలియలేదు. నాయనకు చెప్పెయ్ అన్నాను ఏడుస్తూ.

"చెప్తే మీ నాయన వాండ్లను ఏం చేయగలడు? వాండ్లు ఏ ఊళ్ళో ఉండారో. చేతికి అందేది నువ్వొక్కదానివే."

అందుకని ఎనిమిది రోజులు అబద్ధం చదివింది. సాయంత్రమైతే నాయన ఫోన్ పట్టుకుని సిద్ధం. హార్టులు ఆపమనాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే నా కాలేజీ పోతుంది. పొగడ్తలు అయిపోయి చివరికి పెండ్లి పత్రికల్లోంచి తెచ్చుకుంది. "బంధుమిత్ర సమేతంగా ఆశీర్వదిస్తున్నాము" అని కూడా చదివింది పాపం. నేను వంటింట్లో తలుపు వెనక నిలబడి వినేదాన్ని.

తొమ్మిదో రోజు మామ కోయంబత్తూరు నుంచి బస్సు దిగాడు. మిల్లులో అతనితో పనిచేసే ఆంధ్రా మనిషి ఆ కామెంట్లు చదివి, సిగ్గుపడి, తెలుగు తెలిసీ ఎందుకయ్యా హార్టులు పెడుతున్నారని అడిగాడట. ఆ మాట విని చుట్టాలంతా మా ఇంట్లో చేరారు; నా ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. వీడియో తీసిన మామ ఫోన్ మాత్రం మామ జేబులోనే ఉంది.

"ఏంక్కా, చదవను తెలిసీ మోసం చేస్తివే" అన్నాడు మామ.

"రేపట్నుంచి కాలేజీ లేదు" అన్నాడు నాయన. "కుండ నోటికి మూకుడు పెట్టొచ్చు, లోకం నోటికి పెట్టలేం వదినా."

"అందుకని బిడ్డను కుండలో పెట్టి మూస్తావా?"

పెద్దమ్మ మామ జేబులోంచి ఫోన్ తీసుకుని, నడింట్లో నిలబడి, ఈసారి గొంతు సవరించుకుని చదివింది. ఉన్నవన్నీ, ఒక్క మాట మింగకుండా. నా నడుము గురించి, రొమ్ముల గురించి, రేటు ఎంతని అడిగినవాడి గురించి. చుట్టాల్లో మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి బయటికి పోయారు. మామ కూడా పోయాడు. నాయన తలవంచుకుని కూర్చుండిపోయాడు. పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఇది రాసింది నీ బిడ్డనా, తంబీ? రాసినవాండ్లు రేపు పనికి పోతారు. ఆడిన బిడ్డ ఎందుకు ఇంట్లో కూర్చోవాల?"

గెలిచామని రాయలేను. కాలేజీకి పంపారు, పెద్దమ్మ తోడుంటేనే అని షరతు పెట్టి. అరవై దాటిన మనిషి పొద్దున నన్ను తేనిలో కాలేజీ గేటు దాకా దింపి, తిరుగు బస్సులో గోడౌన్‌కు పోయి, సాయంత్రం మళ్ళీ వచ్చేది. చదువు ముగిసేదాకా ఇదే పని. బస్సులో ఎవడైనా ఫోన్ మా వైపు తిప్పితే, "నన్ను తీయి తంబీ, నాకూ ఇద్దరు లైకు పెట్టనీ" అని బోసినోరు తెరిచేది. వాడు ఫోన్ జేబులో పెట్టుకునేవాడు. మేమిద్దరం నవ్వేవాళ్ళం. నవ్వాక నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

ఆ బస్సులోనే నాకు తెలుగు నేర్పింది, అరచేతిలో వేలితో రాసి. మొదట ఒప్పుకోలేదు. "నేర్చుకుంటే ముందు చదివేది ఆ గలీజే గదా" అంది. నిజమే. కూడబలుక్కుని నేను చదివిన మొదటి తెలుగు అదే. నాయన హార్టులన్నీ తీసేశాడు గానీ, తండ్రే దండం పెడుతున్నాడని నవ్వుతూ ఎవరో తీసిన స్క్రీన్‌షాట్లు ఇంకా తిరుగుతున్నాయి. రిపోర్ట్ కొడితే ఒకటి పోతుంది, రెండు వస్తాయి. "చదివేసినావు గదా, ఇంక మంచివి కూడా చదువు" అని తన పెట్టెలోని పాత వారపత్రికలు నాకిచ్చింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె పెట్టిన భిక్షే.

బుధవారం పెద్దమ్మను ఎత్తారు. మా వైపు ఆడవాళ్ళు ఒకరి మెడ మీద ఒకరు చెయ్యి వేసుకుని, గుండ్రంగా కూర్చుని, గుండెలు బాదుకుంటూ, ముందుకు వంగి వంగి ఒప్పారి పాడి ఏడుస్తారు. జుట్టు ఊడినా, కొంగు జారినా ఎవరూ చూసుకోరు. అలా ఏడిస్తేనే పోయినవాళ్ళకు తృప్తి అంటారు. రాలేని చుట్టాల కోసమని ఎవరో ఫోన్ ఎత్తి లైవ్ పెట్టారు. నా వంతు వచ్చింది. ఆమె కాళ్ళ మీద పడి, ఒళ్ళు మరిచి ఏడవాలని నా ప్రాణం కొట్టుకుంది. ఫోన్ ఎటువైపు ఉందో ముందు చూసుకున్నాను. పైట భుజం మీదికి లాగి, రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకుని, కొంచెం కూడా వంగకుండా, నిటారుగా కూర్చుని ఏడ్చాను.