రెండో ట్యాంకు ఆగిన చోటు

మా అమ్మాయి బెంగళూరులో ఒక వీడియో గేమ్ కంపెనీలో పనిచేస్తుంది. కొత్త ఆటలు తయారుచేసే కంపెనీ కాదు. ఒకప్పుడు టీవీకి తగిలించుకుని ఆడిన పాత ఆటలను, వాటి హక్కుదార్ల దగ్గర లైసెన్సు తీసుకుని, పాత పెట్టెలాగే కనబడే కొత్త పెట్టెలో పెట్టి అమ్ముతారు. పోయిన వేసవిలో, ఇంకా అమ్మకానికి రాని పెట్టె ఒకటి ఆదోనిలో ఉండే నాకు పంపింది.

"నాన్నా, మీ ట్యాంకుల ఆట ఉంది దీంట్లో. పాతదానికీ దీనికీ యాడన్నా తేడా ఉంటే రాసి పంపు. నీ మాదిరి రాసేవాళ్ళు మా ఆఫీసులో ఎవరూ లేరు" అంది ఫోన్లో.

ఆ ఆట నాకు ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే మిల్లు సంగతి చెప్పాలి.

నేను ఇక్కడి పత్తి మిల్లులో పత్తి చూసే బల్ల దగ్గర పనిచేసేవాణ్ణి. గుప్పెడు పత్తి తీసుకుని, రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య లాగి, పోగు పొడవు ఎన్ని మిల్లీమీటర్లో కంటితో చూసి చెప్పడం నా పని. బల్లకు పెద్దను నేనే. నా కుడిపక్క కూర్చునే మిత్రుడు అదే పత్తిని మళ్ళీ లాగి చూసేవాడు. ఇద్దరి మాటా కలిస్తేనే బేలుకు చీటీ కట్టేవారు. అతనిది ఎమ్మిగనూరు. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు.

ఒక సీజను మొదట్లో మిల్లు ఓనరు సేటు నన్ను గదిలోకి పిలిచాడు. "నీ కండ్లు మందగించినాయంట గదప్పా. ఇంగ కాటా కాడ కూచో" అన్నాడు. ఎవరన్నారని నేను అడగలేదు. మర్నాటి నుంచి బండ్లు తూకం వేయించే కాటా గుమాస్తానయ్యాను. రిటైరయ్యేదాకా అక్కడే. బల్ల పెద్దరికం మిత్రుడి చేతికి వెళ్ళింది. అతను నాకోసం చాలా బాధపడ్డాడనే అప్పట్లో డైరీలో రాసుకున్నాను.

కంటి డాక్టరు చదువుకోవడానికి అద్దాలు రాసి, ఆ వయసుకు ఇది మామూలేనన్నాడు. అయినా అనుమానం పోలేదు. దారిలో ఎవరైనా దూరం నుంచి చెయ్యి ఊపితే, గుర్తుపట్టడానికి ఒక్క క్షణం ఆలస్యమైనా సేటు మాటే నిజమనిపించేది.

ఆ రోజుల్లోనే అమ్మాయి కోసం ఫ్యాన్సీ షాపులో ఒక టీవీ గేమ్ కొన్నాను. డూప్లికేటు సరుకు. అమ్మాయికి నెలలోపే మొహం మొత్తింది. ఆదివారం ఎమ్మిగనూరు బస్సు దిగి మా ఇంటికి వచ్చే మిత్రుడూ నేనూ దాన్ని పట్టుకున్నాం. తెరమీద ఇటుక గోడలు, రెండు ట్యాంకులు. ఎవరు ముందు చూసి గుండు వేస్తే వాళ్ళది గెలుపు. దాదాపు ఎప్పుడూ నేనే గెలిచేవాణ్ణి. గోడ చాటు నుంచి వచ్చే చుక్కంత గుండును ముందే కనిపెట్టి తప్పుకునేవాణ్ణి. చూపు మందగించినవాడు అలా ఆడగలడా? ఆదివారం రాత్రి డైరీలో 'గెలుపు' అని రాస్తుంటే అది సేటుకు నేను చెప్పుకోలేకపోయిన జవాబులా ఉండేది. ఆ పెట్టె పాడయ్యాక కూడా ఆ జవాబు నాతోనే ఉంది.

కొత్త పెట్టె వచ్చిందని ఫోన్ చేస్తే మిత్రుడు ఆ ఆదివారమే వచ్చాడు. చెప్పులు విడవకముందే మా ఆవిడ అంది:

"ఏమన్నా, మళ్ళా ఓడిపోయేదానికి వచ్చినావా?"

"ఓడిపోతే కదమ్మా నువ్వు టీ ఇచ్చేది. గెలిస్తే మంచినీళ్ళు గూడా పుట్టవు ఈ ఇంట్లో."

ఆడాం. నేనే గెలిచాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా.

పాతదానిలో లేనిది ఈ పెట్టెలో ఒకటుంది. అయిపోయిన ఆటను వెనక్కి తిప్పి, నెమ్మదిగా మళ్ళీ చూడొచ్చు. అమ్మాయికి నివేదిక రాయాలి గనుక మర్నాడు కాగితం, పెన్ను పెట్టుకుని చూశాను. ఒకచోట నా ట్యాంకు దారి తప్పి మిత్రుడి ట్యాంకుకు ఎదురుగా వెళ్ళింది. మధ్యలో గోడ లేదు. అతను గుండు వేస్తే నా పని అయిపోయేది. అతని ట్యాంకు ఆగిపోయింది. తర్వాతి ఆటలోనూ అంతే, ఆ తర్వాతా అంతే. రెండో కంట్రోలర్ నేనే పట్టుకుని నొక్కి చూశాను. బాగానే పనిచేసింది. అయినా ఆ ఆటను పెట్టెలోంచే అమ్మాయికి పంపి, నివేదికలో రాశాను: 'గుండు వేయవలసిన సమయంలో రెండో ట్యాంకు ఆగిపోతోంది. లోపం ఉన్నట్టుంది. సరిచేయగలరు.'

అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, నువ్వు పంపిన ఆట మావాళ్ళు సూసినారు. ఏ బటన్ ఎప్పుడు నొక్కిందీ పెట్టెలో ఉంటాది. మిషన్లో తప్పేం లేదు."

"మరి ట్యాంకు ఎందుకు ఆగుతాంది?"

"మామ బటన్ వదిలేస్తాండాడు నాన్నా. నువ్వు ఎదురొచ్చినప్పుడల్లా." అని, "మామ మంచోడు లే" అంది.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడకు చెప్పాను. వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా అంది: "అది సెప్పేదానికి కంపెనీ కావాల్నా?"

తర్వాతి ఆదివారం మిత్రుణ్ణి కూర్చోబెట్టి, ఆ ఆట తిప్పి చూపించాను. మొదటిసారి ట్యాంకు ఆగినప్పుడు నవ్వాడు. రెండోసారి నవ్వలేదు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"మొదటినుంచే అన్నా."

"ఎందుకు?"

"ఓడిపోయిన రోజు నువ్వు కండ్లు నులుముకుంటా కూచుంటాంటివి. అది సూడలేకపోతి."

"నా కండ్లతో నీకేం పని?"

అతను కంట్రోలర్ వైరు వేలికి చుట్టుకుంటూ, "సేటుకు నీ కండ్ల మాట సెప్పింది నేనే" అన్నాడు. "ఆ బల్ల నాకు కావల్లనిపించె. ఒక్క మాటే అన్నా. అంత దూరం పోతాదనుకోలేదు."

"నిజంగా మందగించినాయా? అది సెప్పు ముందు. నీకు అట్ల అనిపించే సెప్పినావా, ఉత్తగా సెప్పినావా?"

"ఇప్పుడు అది ఎట్ల గుర్తుంటాది అన్నా" అన్నాడు.

ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. బల్ల తీసుకున్నవాడు, దానికి పరిహారంగా ఇన్ని ఆదివారాలు నాకు గెలుపులు పెట్టినవాడు, నా చూపు ఎలా ఉండేదో మాత్రం చెప్పలేకపోయాడు.

"రా, ఇంగొగసారి ఆడదాం. ఈతూరి నిజంగా ఆడతా" అన్నాడు.

అతని వేలి నుంచి వైరు విప్పి, చిక్కుపడకుండా చుట్టి, పెట్టెలో పెట్టాను. "నీ బస్సు టైమయింది" అన్నాను. మా ఆవిడ టీ తెచ్చేసరికి అతను వీధి మలుపు తిరిగాడు.

అమ్మాయికి నివేదిక సవరించి పంపాను. 'రెండో కంట్రోలర్: లోపం లేదు.'

వత్తుల కోసం మా ఆవిడ తెచ్చుకున్న పత్తి బుట్టలో మిగిలి ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు తీసేసి, గుప్పెడు పత్తి రెండు బొటనవేళ్ళ మధ్య లాగాను. పోగు తెల్లగా, సన్నగా వెలుతురులో నిలబడింది. "ఇరవై తొమ్మిది" అన్నాను, బల్ల దగ్గర అన్నట్టే పైకి. అని, అలవాటు కొద్దీ కుడిపక్కకు చెయ్యి చాపాను, మళ్ళీ లాగి చూస్తాడని.