గుణదల డ్రా

పన్నెండేళ్ళ వయసులో, గుణదలలోని ఒక బడి హాల్లో, చెప్పాల్సిన ఒక మాట మింగేశాను. యాభై దగ్గర పడుతున్నా దాని బరువు దిగలేదు. మా షోకేసులో చదరంగం కప్పు ఒకటుంది. ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ ముందు దాన్నే చూపిస్తుంది. కాఫీ సంగతి చూస్తానంటూ నేను వంటింట్లోకి జారుకుంటాను. మీరు నవ్వినా సరే, ఎందుకో చెబుతాను.

జూనియర్స్ టోర్నమెంటు, ఆఖరి ఆట. గెలిస్తేనే నాకు కప్పు. ఎదురుగా చల్లపల్లి నుంచి వచ్చిన డేవిడ్, గడ్డం మీద పుట్టుమచ్చ. నా మంత్రి అప్పటికే పోయాడు, ఓటమి ఖాయం. అతను మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు.

"డ్రా చేసుకుందామేంట్రా? బస్సెళ్ళిపోద్ది" అని చెయ్యి చాపాడు.

గబుక్కున పట్టుకున్నాను. డ్రా అయితే ఇద్దరూ కలిసి వెళ్ళి, ఫలితాలు రాసుకునే మాస్టారికి చెప్పాలి; గెలుపైతే గెలిచినవాడు చెబితే చాలు. అతను "నువ్వు చెప్పెయ్ రా" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాడు.

"ఎవరు గెలిచార్రా?" అన్నారు మాస్టారు, తలెత్తకుండా.

"నేనేనండీ."

ఎందుకన్నాను? కప్పు మీద ఆశ, నిజమే. కానీ నన్ను నమ్మి వెళ్ళినవాడు ఇక తిరిగి రాడన్న ధైర్యమే నా చేత ఆ మాట అనిపించిందనే ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా తేలుతుంది.

మొన్న మా అమ్మాయిని చదరంగం పోటీలో ఆడించడానికి గన్నవరం తీసుకెళ్ళాను. అక్కడ డేవిడ్! గడ్డం మీది పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టాను. ఇప్పుడు లెక్కల మాస్టారట, తన బడి పిల్లల్ని తీసుకొచ్చాడు. పక్కకి పిలిచి అంతా చెప్పేశాను. పగలబడి నవ్వాడు.

"ఇంట్లో డ్రా అని చెప్పానండీ. మర్నాడు పేపర్లో ఓడినట్టు పడింది. అబద్ధాలకోరునని మా నాన్న మళ్ళీ ఏ టోర్నమెంటుకీ పంపలా. ఇప్పటికీ నేనేం చెప్పినా, 'ఇది కూడా నీ గుణదల డ్రాయేనా?' అంటాడు."

అతను నవ్వుతూనే ఉన్నాడు. నాకు నవ్వు రాలేదు. టోర్నమెంట్లే లేకుండా పోయాయా ఇతనికి?

"ఆ కప్పు మీరు తీసుకోండి" అన్నాను.

"కప్పు నేనేం చేసుకుంటానండీ?" అంటూ ఫోను తీశాడు. "నాన్నా! గుణదల డ్రా ఆయన దొరికాడు. నువ్వే మాట్లాడు."

స్పీకరులోంచి ముసలి గొంతు: "ఎవరూ? గట్టిగా చెప్పవయ్యా, వినపళ్ళా!"

హాలు బయట కూర్చున్న తల్లిదండ్రులందరూ నా వైపు తిరిగారు. మా అమ్మాయి కూడా. అరిచాను.

"ఆ ఆట డ్రాయేనండీ! మీ అబ్బాయి నిజమే చెప్పాడండీ! అబద్ధం చెప్పింది నేను! క్షమించండీ!"